తారాజువ్వ తిరిగొస్తుంది!

దీపావళి రాత్రి సీసాలో తారాజువ్వ నిలబెట్టి వత్తి అంటిస్తే సుయ్‌మంటూ లేస్తుంది. పైన ఓ మెరుపు, ఓ చప్పుడు... అంతే, కథ కంచికి! మర్నాడు పొద్దున ఎవరింటి డాబా మీదో కాలిన పుల్ల ఒకటి దొరుకుతుంది. దాన్ని మళ్లీ ఎగరేయడం ఎవరి తరమూ కాదు.

అదే తారాజువ్వ వెయ్యి అడుగులు పైకి వెళ్లి, అక్కడ గొడుగు విప్పుకుని, మెల్లగా ఊగుతూ దిగి, పచ్చిక మీద వాలితే? పావుగంటలో మళ్లీ ఎగరడానికి సిద్ధమైపోతే? అమెరికాలో ఆరు దశాబ్దాలకు పైగా ఎంతోమంది పిల్లలూ, వాళ్ల నాన్నలూ, తాతలూ సెలవు రోజుల్ని ఈ పని మీదే ఖర్చు పెడుతున్నారు. దాని పేరు మోడల్ రాకెట్రీ. అట్ట గొట్టం, బాల్సా చెక్క, ప్లాస్టిక్ ముక్కు, బొటనవేలంత ఇంజిన్... ఇవే సరంజామా. మొదట ఒక్క పెట్టె కొంటారు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఓ గది రాకెట్లది అయిపోతుంది. ఆ ఇంటి ఇల్లాలిని అడిగితే ఇంకాస్త వివరంగా చెబుతుంది!

చెప్పుల కొట్టు శాస్త్రవేత్త

ఈ సరదాకి మూలపురుషుడు శాస్త్రవేత్తేం కాదు. నెబ్రాస్కా రాష్ట్రంలో నార్‌ఫోక్ అనే చిన్న ఊళ్లో బూట్ల దుకాణం నడుపుకునే ఆర్విల్ కార్లైల్. ఆయనకు బాణసంచా తయారీ అంటే పిచ్చి. తమ్ముడో అన్నో అన్న తేడా లేకుండా కలిసి తిరిగే సోదరుడు రాబర్ట్‌కేమో విమానాల బొమ్మలంటే ఇష్టం. రాకెట్ ఎలా ఎగురుతుందో నలుగురికీ చూపించి చెప్పడానికి రాబర్ట్‌కి ఓ నమూనా కావాల్సి వచ్చింది. అలా 1954లో ఆర్విల్ అట్ట గొట్టంలో మందు కూరి చిన్న ఇంజిన్ చేశాడు. దాని మీద ఓ తేలికపాటి రాకెట్ నిలబెట్టాడు. మందు కాలిపోయాక లోపలే ఓ చిన్న పేలుడు జరిగి పారాచ్యూట్ బయటపడే ఏర్పాటు చేశాడు. ‘రాక్-ఎ-చూట్’ అని పేరు పెట్టాడు. 1958లో దానికి పేటెంట్ కూడా వచ్చింది.

ఇది అక్కడితో ఆగిపోతే ఓ చెప్పుల వ్యాపారి సరదాగానే మిగిలిపోయేది. ఆ రోజుల పరిస్థితి అలా ఆగనివ్వలేదు. రాకెట్ల మోజులో పడిన కుర్రాళ్లు గ్యారేజీల్లో, ఇళ్ల కింది గదుల్లో ఏవేవో రసాయనాలు కలిపి ఇనుప గొట్టాల్లో దట్టించేవాళ్లు. అది రాకెట్ అయితే అదృష్టం, బాంబు అయితే దురదృష్టం. వేళ్లు పోయినవాళ్లున్నారు, కళ్లు పోయినవాళ్లున్నారు, ప్రాణాలే పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్‌ని కక్ష్యలోకి పంపాక ఈ పిచ్చి ఇంకా ముదిరింది.

పశ్చిమ వర్జీనియాలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్లో హోమర్ హికమ్ అనే కుర్రాడు ఆ సమయంలోనే స్నేహితులతో కలిసి రాకెట్లు మొదలుపెట్టాడు. మొదటిది వాళ్లమ్మ ప్రేమగా పెంచుకుంటున్న గులాబీ తోట కంచెను పేల్చేసింది. పట్టు వదలకుండా చేసుకుంటూ పోయి 1960లో జాతీయ సైన్స్ ప్రదర్శనలో బహుమతి కొట్టాడు, తర్వాత నాసాలో ఇంజినీరయ్యాడు. ఆయన 1998లో రాసుకున్న ‘రాకెట్ బాయ్స్’ మరుసటి ఏడాదే ‘అక్టోబర్ స్కై’ పేరుతో సినిమాగా వచ్చింది. సినిమా చూసినవాళ్లకి కళ్లు చెమర్చుతాయి. కానీ ఆ రోజుల్లో ఇనుప గొట్టాలతో ఆడుకున్న పిల్లలందరి కథలూ ఇలా ముగియలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

న్యూమెక్సికోలోని వైట్‌శాండ్స్ క్షిపణి కేంద్రంలో భద్రత పనులు చూసే జి. హ్యారీ స్టైన్‌కి ఈ సంగతి బాగా తెలుసు. పిల్లలు రాకెట్లతో ప్రమాదాల్లో పడుతున్న వైనం మీద ఆయన ఓ పత్రికలో వ్యాసం రాశాడు. అది చదివిన కార్లైల్ ‘నా దగ్గర దీనికి మందు ఉంది’ అన్నట్టుగా 1957 మొదట్లో తన రాకెట్లను స్టైన్‌కి పంపించాడు. స్టైన్ వాటిని ఎగరేసి చూశాడు. లోహం లేదు. పిల్లలు మందు ముట్టుకోవాల్సిన పనే లేదు. ఫ్యాక్టరీలో తయారైన ఇంజిన్‌ని గొట్టంలో పెట్టడం, దూరం నుంచి బ్యాటరీతో అంటించడం... అంతే! అదే ఏడాది స్టైన్ డెన్వర్‌లో ‘మోడల్ మిసైల్స్’ అనే కంపెనీ పెట్టాడు. ఈ సరదాపరుల సంఘం ‘నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ’ పుట్టిందీ 1957లోనే.

మేబెల్ పుణ్యం

స్పుత్నిక్ దెబ్బకి గిరాకీ పెరిగింది. ఇంజిన్లు చేతితో చేస్తే చాలవు. డెన్వర్‌లో బాణసంచా తయారుచేసే కుటుంబం కోసం వెతికితే వెర్న్ ఎస్టెస్ అనే యువకుడు దొరికాడు. అతను చేతులతో కూరడం మానేసి ఓ యంత్రమే తయారుచేశాడు. ముద్దుగా ‘మేబెల్’ అని పేరు పెట్టాడు. గాలి ఒత్తిడితో పనిచేసే ఈ మర అయిదున్నర సెకన్లకో ఇంజిన్ చొప్పున బయటికి నెట్టేది.

ఇక్కడే తమాషా జరిగింది. మేబెల్ తీసినన్ని ఇంజిన్లు కొనేవాళ్లు లేరు! గుట్టలుగా పడి ఉన్న ఇంజిన్లను ఏం చేయాలి? ఇంజిన్లు అమ్ముడుపోవాలంటే వాటిని పెట్టడానికి రాకెట్లు ఉండాలి కదా. అందుకని వెర్న్, ఆయన భార్య గ్లీడా రాకెట్ కిట్లు తయారుచేసి పోస్టులో అమ్మడం మొదలుపెట్టారు. 1961లో కొలరాడోలోని పెన్రోజ్ అనే పల్లెకి మకాం మార్చారు. అప్పటినుంచి అమెరికాలో మోడల్ రాకెట్ అంటే ఎస్టెస్, ఎస్టెస్ అంటే మోడల్ రాకెట్. మన దగ్గర వనస్పతిని డాల్డా అన్నట్టు. మిగిలిపోయిన సరుకు వదిలించుకోవడానికి పుట్టిన వ్యాపారం ఓ తరాన్నే రాకెట్ల మీదికి మళ్లించిందన్నమాట.

ఆ కంపెనీ తర్వాత చాలా చేతులు మారింది. 2018లో అప్పటి యజమాని సంస్థ హాబికో దివాలా తీసినప్పుడు అభిమానుల గుండెల్లో రాయి పడింది. పెన్రోజ్ మూతపడితే చిన్న ఇంజిన్లు ఎక్కణ్నుంచి రావాలి? చివరికి జాన్ లాంగ్‌ఫోర్డ్ కుటుంబం దాన్ని కొన్నది. ఆయన విమానాల కంపెనీ స్థాపించిన ఇంజినీరు. చిన్నప్పుడు ఎస్టెస్ రాకెట్లు ఎగరేసినవాడు కూడా. తను ఆడుకున్న బొమ్మల కొట్టునే పెద్దయ్యాక కొనుక్కున్నాడంటే అంతకంటే ఏం కావాలి!

సి6-5... ఇదేం లెక్క?

రాకెట్ కొట్టుకి మొదటిసారి వెళ్లినవాళ్లని తికమక పెట్టేది ఇంజిన్ మీది నంబరు. ఎ8-3, బి6-4, సి6-5... మందుల షాపులో చీటీలా ఉంటుంది. తెలిస్తే మాత్రం చాలా తేలిక.

మొదటి అక్షరం ఇంజిన్‌లోని మొత్తం శక్తి. ‘ఎ’కి గరిష్ఠం 2.5 న్యూటన్-సెకన్లు. ‘బి’కి దానికి రెట్టింపు, ‘సి’కి బికి రెట్టింపు. అలా అక్షరం మారినప్పుడల్లా రెట్టింపే. ఒక్కో గడికీ గింజలు రెట్టింపవుతూ పోయే చదరంగం కథ గుర్తుందిగా? ఇదీ అంతే. ఎ నుంచి హెచ్ దాకా వెళ్లేసరికి శక్తి 128 రెట్లు! రెండోది సగటు తోపు ఎన్ని న్యూటన్లో చెబుతుంది. గీత తర్వాతి అంకె అసలు కీలకం. మందు కాలిపోయాక ఎన్ని సెకన్లు ఆగి పారాచ్యూట్‌ని బయటికి తోయాలో చెప్పేది అదే.

సి6-5 లోపల సంగతి చూద్దాం. అడుగున మట్టితో చేసిన ముక్కు. దాని మీద గట్టిగా అదిమిన నల్లమందు. అది రెండు సెకన్ల లోపే కాలిపోతుంది. కానీ రాకెట్ అప్పటికే మంచి ఊపులో ఉంటుంది కాబట్టి పైకి పోతూనే ఉంటుంది. ఆ అయిదు సెకన్లూ నెమ్మదిగా కాలే మరో మందు పొగ వదులుతూ ఉంటుంది. రాకెట్ ఎక్కడుందో కింద ఉన్నవాళ్లు చూసుకోవడానికి ఆ పొగే ఆనవాలు. ఇక చివర్లో చిటికెడు మందు భగ్గుమని ముందువైపుకి పేలి, ముక్కుని ఊడదీసి, పారాచ్యూట్‌ని తోసేస్తుంది. సరిగ్గా శిఖరం చేరి రాకెట్ ఆగీ ఆగనట్టున్న క్షణంలో ఇది జరగాలి. ముందే జరిగితే ఆ వేగానికి పారాచ్యూట్ చిరుగుతుంది. ఆలస్యమైతే రాకెట్ తలకిందులై నేలలోకి దిగబడుతుంది. దీనికి వాళ్లు ‘పచ్చికలో బాణం’ అని పేరు పెట్టుకున్నారు. నవ్వుతూనే అంటారుగానీ, నెత్తి మీద పడితే నవ్వు రాదు. అందుకే మైదానంలో రాకెట్ అదుపు తప్పిందంటే అందరూ గొంతెత్తి హెచ్చరిస్తారు. ఆ కేక వినగానే చేతిలో సాండ్‌విచ్ ఉన్నా పైకి చూడాల్సిందే!

రెక్క వంకరైతే...

మొదటి కొనుగోలు దాదాపు అందరిదీ ఒకటే. స్టార్టర్ సెట్. ఓ రాకెట్, మూడడుగుల కమ్మీ ఉన్న స్టాండు, మీట నొక్కే కంట్రోలరు అందులో ఉంటాయి. రెండు మూడు పెద్ద పిజ్జాల ఖరీదు. ఇంజిన్లు చాలాసార్లు విడిగా కొనాలి. చిన్నవైతే మూడింటి పొట్లం పదిహేను డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే ఎగరేసిన ప్రతిసారీ అయిదు డాలర్లు ఆకాశంలోకి వెళ్తాయి. సినిమా టికెట్ కంటే తక్కువే కదా అని నాన్నలు సరిపెట్టుకుంటారు. మధ్యాహ్నానికి ఎన్ని పొట్లాలు ఖాళీ అయ్యాయో మాత్రం లెక్కపెట్టరు.

మొదటి సెట్‌లో రెక్కలు ప్లాస్టిక్‌వి, అచ్చు పోసి వస్తాయి. అరగంటలో రాకెట్ తయారు. అసలు పని రెండో రాకెట్‌తో మొదలవుతుంది. దశాబ్దాలుగా అమ్ముడవుతున్న ‘బిగ్ బెర్తా’ లాంటి కిట్‌లో బాల్సా చెక్క రెక్కలుంటాయి. చెక్కలోని పొర రెక్క ముందంచుకి సమాంతరంగా ఉండేలా కోయాలి. లేకపోతే దిగేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. గరుకు కాగితంతో రుద్దాలి, అంచులు గుండ్రం చేయాలి, చెక్క రంధ్రాలు పూడ్చాలి, మళ్లీ రుద్దాలి. గొట్టం మీద మెలికలు తిరిగిన సన్నటి గీత కనిపిస్తుంటుంది. దాన్ని కప్పడానికి ఓ పూట. రెక్కని గొట్టానికి అంటించాక ఆ మూలలో జిగురుతో సన్నటి గట్టు పోయాలి. అది ఆరేదాకా కదపకూడదు. ఎనిమిదేళ్ల పిల్లాడికి జిగురు ఆరేదాకా ఆగడం కంటే పెద్ద శిక్ష ఉందా?

రెక్కలు అందానికి కాదు. బాణానికి వెనక ఈకలు ఎందుకో వీటికి ఇవీ అందుకే. రాకెట్ బరువు తూగే బిందువు ముందు ఉండాలి, గాలి ఒత్తిడి పనిచేసే బిందువు వెనక ఉండాలి. తిరగబడితే రాకెట్ గాల్లో పల్టీలు కొడుతుంది. సొంతంగా డిజైన్ చేసుకున్నవాళ్లు దీన్ని పరీక్షించడానికి పాత చిట్కా ఒకటుంది. ఇంజిన్ పెట్టిన రాకెట్‌ని అది తూగే చోట దారంతో కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకి పెట్టి తిరిగితే సరే. అడ్డంగానో వెనక్కో తిరిగితే ముక్కులో కాస్త మైనపు మట్టి కూరాలి, లేదా రెక్కలు పెంచాలి. కంప్యూటర్లో ఇదంతా ముందే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ఉచితంగానే దొరుకుతున్నాయి. అయినా దారం చిట్కా పోలేదు.

కూపన్లు, పౌడరు డబ్బా, ‘కుక్క వాంతి’

ఈ సరదాలో కొనుగోళ్లది వేరే ప్రపంచం. ‘హాబీ లాబీ’ అనే గొలుసు దుకాణాల్లో ఒకప్పుడు ఒక వస్తువు మీద 40 శాతం తగ్గింపు కూపన్ ఇచ్చేవారు. దాంతో ఖరీదైన కిట్ ఒకటి కొనడం, మళ్లీ ఇంకో రోజు ఇంకోటి కొనడం... కూపన్ కోసమే కొన్న రాకెట్లు ఎన్నో! 2021లో ఆ కూపన్ ఆగిపోయినప్పుడు రాకెట్ల వాళ్లు బాగా బాధపడ్డారు. ‘కట్టాల్సిన కుప్ప’ అని వాళ్లలో ఓ మాట ఉంది. కొని, విప్పకుండా అటక మీద పేర్చిన కిట్లన్నమాట. బీరువాలో మడత విప్పని చీరల సంగతి తెలిసినవాళ్లకి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

అన్నీ దుబారా ఖర్చులేనా అంటే కాదు. పారాచ్యూట్ కాలకుండా దానికీ ఇంజిన్‌కీ మధ్య మంటంటుకోని కాగితం ఉండలు పెట్టాలి. కంపెనీవి చిన్న పొట్లాలు, త్వరగా అయిపోతాయి. దాంతో పాతకాపులు హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లి, ఇళ్ల గోడల్లో చలి రాకుండా నింపే కాగితపు పొట్టు బస్తా తెచ్చుకుంటారు. అదీ మంటంటుకోకుండా మందు కలిపిందే. చూడ్డానికి బూడిదరంగు ముద్దలా ఉంటుంది కాబట్టి దానికి ‘కుక్క వాంతి’ అని పేరు! బస్తా కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. చలికాలంలో ప్లాస్టిక్ పారాచ్యూట్ మడతలు అతుక్కోకుండా చంటిపిల్లల పౌడరు చల్లుతారు. ఇంజిన్ వదులుగా ఉంటే ఓ చుట్టు మాస్కింగ్ టేపు. రాకెట్ల పెట్టెలో ఈ మూడూ లేనివాడు కొత్తవాడని ఇట్టే తెలిసిపోతుంది.

తర్వాత ఎత్తు మీద ఆశ పుడుతుంది. ‘మనది ఎంత ఎత్తుకెళ్లింది నాన్నా?’ అన్న ప్రశ్న కొత్త ఖర్చుకి నాంది. అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉండే ఆల్టీమీటర్లు దొరుకుతున్నాయి. గాలి ఒత్తిడి తగ్గడాన్ని బట్టి ఎత్తు చెబుతాయి. ‘జాలీ లాజిక్’ వాళ్లు తెచ్చిన మరో పరికరం పారాచ్యూట్‌ని రబ్బరుబ్యాండుతో బిగించి పట్టుకుని, రాకెట్ కిందికి వచ్చాకే వదులుతుంది. పైనే విచ్చుకుంటే గాలికి కొట్టుకుపోయి రెండు మైళ్ల అవతల పడుతుంది మరి. దాని ఖరీదు నూరు డాలర్లు దాటుతుంది. రాకెట్ ఖరీదు చూస్తే ముప్ఫయ్యే! తలకంటే తలపాగా బరువంటే ఇదే. కానీ ఒక్కసారి రాకెట్ పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఇలా నవ్వరు.

చెట్టు మింగేసింది!

పోగొట్టుకోవడం ఈ సరదాలో మామూలే. రాకెట్లను మింగే చెట్లు ప్రతి మైదానం పక్కనా ఉంటాయి. ఎంత పెద్ద మైదానమైనా ఉన్న ఒక్క చెట్టు మీదికే రాకెట్ వెళ్తుందన్నది వాళ్ల అనుభవం. కొమ్మకి వేలాడుతున్న పారాచ్యూట్‌ని చూస్తూ కింద ఏడుస్తున్న పిల్లాణ్ని ఓదార్చడం తండ్రులకి అలవాటైన పని. అయితే కరెంటు తీగల మీద పడితే మాత్రం దాని జోలికే వెళ్లకూడదు. అది ఎంత ఖరీదైనదైనా సరే, అక్కడే వదిలేయాలి. ఇది సలహా కాదు, సంఘం నియమావళిలో రాసిపెట్టిన నియమం.

స్టైన్ భద్రతాధికారి కావడం వల్లనేమో, ఈ సరదాకి మొదటినుంచీ నియమాలు గట్టివే. ‘డి’ వరకూ ఇంజిన్లయితే 15 అడుగుల దూరంలో ఉండాలి, అంతకు మించితే 30. అందరికీ వినిపించేలా అయిదు నుంచి కిందికి లెక్కపెట్టాకే మీట నొక్కాలి. గాలి గంటకు 20 మైళ్లు దాటితే ఎగరేయకూడదు. ‘సి’ ఇంజిన్‌కి మైదానం కనీసం 400 అడుగుల వెడల్పుండాలి. నొక్కినా అంటుకోలేదా? తాళంచెవి తీసేసి, ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి. ఆ తాళంచెవిని రాకెట్ దగ్గరికి వెళ్లే మనిషి తన జేబులో వేసుకునే వెళ్లడం మంచి పద్ధతి. అప్పుడు వెనక ఎవరు మీట నొక్కినా ఏమీ కాదు. మన దగ్గర ఆరిందనుకుని దగ్గరికెళ్లి వంగి చూసిన చిచ్చుబుడ్డి ఎన్ని ముఖాల్ని కాల్చిందో ఆలోచిస్తే ఆ ఒక్క నిమిషం విలువ తెలుస్తుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ సరదా ఎక్కువగా పిల్లల ద్వారానే ఇంట్లోకి వస్తుంది. స్కౌట్లలో అంతరిక్షానికి సంబంధించిన బ్యాడ్జి కావాలంటే పిల్లలు ఓ మోడల్ రాకెట్ కట్టి, ఎగరేసి, తిరిగి తెచ్చుకోవాల్సిందే. ఇక 6 నుంచి 12 తరగతుల వాళ్లకి 2003 నుంచి జాతీయ స్థాయి రాకెట్ పోటీ జరుగుతోంది. అందులో ప్రయాణికుడు ఎవరో తెలుసా? కోడిగుడ్డు! నిర్ణయించిన ఎత్తుకి కచ్చితంగా వెళ్లాలి, నిర్ణయించిన సమయంలో దిగాలి, గుడ్డు పగలకూడదు. ఎత్తు ఏటా మారుస్తారు కాబట్టి కిందటేటి రాకెట్ పనికిరాదు. వర్జీనియాలో జరిగే ఫైనల్స్‌కి వందదాకా జట్లు చేరతాయి. ఆరు నెలలుగా గుడ్లు పగలగొడుతున్న పిల్లలున్న ఇంట్లో ఆమ్లెట్లకి మాత్రం లోటుండదు.

అట్టకట్టిన కలలు

చిన్నప్పుడు ఎగరేసి, కాలేజీ, పెళ్లి, ఉద్యోగం గొడవల్లో వదిలేసి, నలభై దాటాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లని అక్కడ ‘మళ్లీ పుట్టిన రాకెట్ల వాళ్లు’ అంటారు. కొడుకు కోసమని స్టార్టర్ సెట్ కొంటారు. కొడుకు నాలుగు ఆదివారాలకి వీడియోగేముల్లోకి వెళ్లిపోతాడు. నాన్న మాత్రం గ్యారేజీలో మిగిలిపోతాడు. ఈ కుర్చీ రాకెట్ల వాళ్లే పెద్ద ఇంజిన్ల వైపు అడుగేస్తారు.

‘హెచ్’ నుంచి పైవాటిని హై పవర్ అంటారు. వీటిని కొనాలంటే డబ్బుంటే చాలదు, సర్టిఫికెట్ ఉండాలి. లెవెల్ వన్‌కి రాకెట్ సొంతంగా కట్టి, హెచ్ లేదా ఐ ఇంజిన్‌తో సంఘం పెద్దల ఎదుట ఎగరేయాలి. అది మళ్లీ ఎగరగలిగే స్థితిలో దిగాలి. రెక్క విరిగినా, తాడు గొట్టాన్ని జిప్పు లాగినట్టు చీల్చినా తప్పినట్టే. మళ్లీ కట్టుకుని రావాలి. రెండో లెవెల్‌కి రాతపరీక్ష కూడా ఉంటుంది. వీటి కోసం విమానయాన శాఖ నుంచి ఆ గగనతలానికి అనుమతి తీసుకుంటారు. కాలిఫోర్నియాలో ఎండిపోయిన లూసెర్న్ సరస్సు, నెవాడాలో బ్లాక్‌రాక్ ఎడారి ఇలాంటివాటికి పేరుపొందిన చోట్లు. నెలల తరబడి కట్టిన రాకెట్ ఎనిమిది సెకన్లలో కనుచూపు దాటిపోతుంటే, దానికి బిగించిన పారాచ్యూట్ తెరుచుకుంటుందో లేదో తెలియక నిలబడ్డ మనిషి ముఖం చూడాలి. పదో తరగతి ఫలితాల రోజు గుర్తొస్తుంది.

పెద్ద ఇంజిన్లలో వాడేది నల్లమందు కాదు. రబ్బరులా ఉండే మిశ్రమ ఇంధనం. దీన్ని పేలుడు పదార్థాల జాబితాలో పెట్టిన ప్రభుత్వ విభాగం మీద రెండు రాకెట్ సంఘాలు కలిసి 2000లో కోర్టుకెక్కాయి. ఇది మండేదే తప్ప పేలేది కాదన్నది వాళ్ల వాదన. తొమ్మిదేళ్లు నడిచిన కేసులో 2009 మార్చిలో న్యాయమూర్తి రెగ్గీ వాల్టన్ వాళ్ల పక్షానే తీర్పిచ్చారు. లాయర్ల ఖర్చుకి సభ్యులు చందాలేసుకున్నారు. సరదా కోసం ప్రభుత్వంతో తొమ్మిదేళ్లు పోరాడటమంటే మాటలు కాదు. నియమాలు తామే రాసుకుని తామే పాటించిన చరిత్ర వెనక ఉండబట్టే ఆ మాట చెల్లింది.

మన పిల్లలకో?

శ్రీహరికోట మన గడ్డ మీదే ఉంది. 2019లో అక్కడ సందర్శకుల గ్యాలరీ తెరిచాక పిల్లల్ని తీసుకెళ్లి ప్రయోగాలు చూపిస్తున్న తల్లిదండ్రులు ఎందరో. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్‌ని అక్కణ్నుంచే ఎగరేసింది. కానీ చూసొచ్చిన పిల్లాడు ‘నాకూ ఓ రాకెట్ కావాలి’ అంటే మాత్రం ఇక్కడ కొట్లో ఇంజిన్ దొరకదు. పేలుడు పదార్థాలకి మన దగ్గర 1884 నాటి చట్టం ఉంది. పోనీ అమెరికా నుంచి వచ్చే మనవడి పెట్టెలో నాలుగు ఇంజిన్లు పెట్టుకు రమ్మందామంటే అదీ కుదరదు. విమానంలో చేతిసంచీలోగానీ, లగేజీలోగానీ వాటిని తేవడం నిషేధం. ఖాళీ కిట్ తెచ్చుకోవచ్చు, షోకేసులో పెట్టుకోవడానికి! విద్యార్థుల కోసం మోడల్ రాకెట్ పోటీలు ఇటీవలే మొదలయ్యాయి. అవి కాలేజీ జట్లకి, అధికారుల అనుమతితో జరిగేవి. తారాజువ్వల మందు తీసి అట్ట గొట్టంలో కూరుదామనుకునే పిల్లలుంటే మాత్రం వెంటనే ఆపేయండి. పైన చెప్పిన వేళ్లూ, కళ్లూ పోయిన కథ సరిగ్గా అక్కడే మొదలైంది.

మందుతో పనిలేని రాకెట్ ఒకటుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, సైకిలు పంపు, బిగుతైన రబ్బరు బిరడా, బంతికి గాలికొట్టే సూది. సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, సూది గుచ్చిన బిరడా బిగించి, తలకిందులుగా స్టాండు మీద నిలబెట్టి గాలి కొడితే చాలు. ఒత్తిడి ఎక్కువయ్యాక బిరడా ఊడి, నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. గ్యాసున్న కూల్‌డ్రింకు సీసానే వాడాలి. మామూలు నీళ్ల సీసా ఒత్తిడికి ఆగదు. గీతలు పడినదీ, నొక్కుకుపోయినదీ వద్దు. అట్ట రెక్కలు టేపుతోనే అంటించాలి. వేడి జిగురు సీసాని బలహీనం చేస్తుంది. పంపు గొట్టం పొడవుగా ఉండాలి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి, సీసా మీదికి ఎవరూ వంగకూడదు. బట్టలు తడుస్తాయి, అదొక్కటే నష్టం.

ఎత్తు కొలవడానికి ఆల్టీమీటరు అక్కర్లేదు. జామెట్రీ పెట్టెలోని కోణమానిని తిరగేసి, మధ్యలో దారానికి చిన్న రాయి వేలాడదీసి, నిటారు అంచున ఓ స్ట్రా అంటించండి. ఎగరేసే చోటుకి సరిగ్గా 100 అడుగుల దూరంలో ఓ పిల్లని నిలబెట్టండి. సీసా శిఖరం చేరినప్పుడు స్ట్రాలోంచి చూసి, దారం ఎంత కోణం పక్కకి జరిగిందో చదవాలి. 45 డిగ్రీలొస్తే ఎత్తు 100 అడుగులు. 30 వస్తే 58. దానికి ఆ పిల్ల కంటి ఎత్తు కూడా కలపాలి. సగం నీళ్లతో ఒకసారి, పావువంతు నీళ్లతో ఒకసారి ఎగరేసి నోట్‌బుక్కులో రాసుకోమనండి. ఏది ఎక్కువ ఎత్తుకెళ్లిందో వాళ్లే వచ్చి చెబుతారు.